వెంకటరావమ్మ గంజి, ఏడుకొండలు రోడ్డు

కంకిపాడు దాటి ఉయ్యూరు వైపు వెళ్తుంటే చెరుకు తోటల మధ్యగా లోపలికి ఒక దారి చీలుతుంది. ఆ దారిలో వచ్చే ఊళ్లో పడుగుల వీధి అని ఒకటుంది. అక్కడ ఎవర్నైనా ఆపి ఏడుకొండలు ఇల్లెక్కడని అడిగారనుకోండి, "ఏ ఏడుకొండలు, రోడ్డు ఏడుకొండలా?" అని ఎదురడుగుతారు. లోకంలో అందరికీ ఇంటిపేర్లు పుట్టుకతో వస్తాయి. ఈయనగారు మాత్రం పోట్లాడి సంపాదించుకున్నాడు. ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే చాలు, మనిషి కాస్త పొడుగయ్యేవాడు.

రోడ్డు రాకముందు ఆయన మామూలు నేతగాడు. పొద్దున్నే టీ తాగి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే మళ్ళీ భోజనానికే లేచేవాడు. చీర గట్టిగా నేసేవాడు, నోరు అంతకంటే గట్టిగా చేసుకునేవాడు. భార్య వెంకటరావమ్మ నూలు కండెలు చుట్టేది, తెగిన పోగులు అతికేది, అన్నిటికన్నా ముఖ్యంగా గంజి కాచేది. ఆ గంజి సంగతి తెలియకపోతే మిగతాది మీకు బోధపడదు కనుక కాస్త ఓపిక పట్టండి.

చీర నేయాలంటే ముందు నిలువు పోగులన్నీ కలిపి పడుగు తయారుచేస్తారు. దానికి గంజి పట్టించకపోతే మగ్గం మీద పోగు నిలవదు, పుటుక్కున తెగుతుంది. ఇంట్లో అంత చోటు ఎవరికీ ఉండదు కాబట్టి తెల్లవారుజామునే పడుగును వీధి పొడవునా సాగదీసి రెండు చివర్లా కట్టేస్తారు. గంజి చల్లి, పెద్ద కుంచెతో ఈ చివరి నుంచి ఆ చివరికి రుద్దుకుంటూ పోతారు. గంజి తడిగా ఉండగానే పోగుకు పోగు విడిపోవాలి. ముందే ఆరిపోయిందా, పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుని చాపలా బిగుసుకుంటాయి. అందుకని ఎవరింటి పడుగు బయటికొచ్చినా, పళ్ళు తోముకోని మొహాలతోనైనా సరే, వీధి వీధంతా వచ్చి చెయ్యేస్తుంది. అది అక్కడి ఆనవాయితీ. ఇక వెంకటరావమ్మ గంజి ఆ వీధికి కొలబద్ద. కొత్త కోడళ్ళు గిన్నె పట్టుకొచ్చి, "అత్తయ్యా, సరిపోయిందా చూడండి" అని, ఆవిడ వేలు ముంచి సరే అనేదాకా గుమ్మంలో నిలబడేవారు.

అప్పట్లో అది మట్టి వీధి. రెండు పక్కలా కానుగ చెట్లు. సాయంత్రం ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు చల్లితే తెల్లారేసరికి కూడా నేల చల్లచల్లగా ఉండేది. ఏడుకొండలుకు ఆ చల్లదనం ఏనాడూ కంటికి ఆనలేదు. ఆయన కంటికి ఆనిందల్లా పడుగు మీద రాలిపడ్డ కానుగ ఆకు, కుంచెకంటిన దుమ్ము. ఒకసారి చుట్టాల పెళ్ళికని హనుమాన్ జంక్షన్ వైపు వెళ్ళి, అక్కడెక్కడో తళతళలాడే సిమెంటు రోడ్డు చూసొచ్చాడు. ఇక మనిషికి కూడు సయించలేదు.

"పెళ్ళి మండపంలో గచ్చు లాంటి రోడ్డు మీద పడుగు పరిస్తే ఎట్టా ఉంటదో ఊహించుకోండయ్యా! దుమ్ముండదు, గడ్డుండదు, ఆకు రాలదు. రాజాలాగా గంజి పెట్టుకోవచ్చు" అని కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. మండలాఫీసు చుట్టూ తిరిగాడు. బందరు కలెక్టరాఫీసుకు వెళ్ళి అర్జీలిచ్చాడు. ఎవరూ కదలకపోయేసరికి వీధి మొగలో టెంటు వేసి నిరాహార దీక్షకు కూర్చున్నాడు. ఆ టెంటు తాళ్ళు కట్టింది కానుగ చెట్లకే. మండుటెండలో, ఆ చెట్ల నీడలో, ఆ చెట్లు కొట్టేసి రోడ్డు వేయాలని డిమాండు చేస్తూ మా వీరుడు మజ్జిగ కూడా ముట్టకుండా పడుకున్నాడు. ఇంతకన్నా ఏం చెప్పమంటారు?

రోడ్డు వచ్చింది. చెట్లు పోయాయి. గోడ నుంచి గోడ దాకా, గడ్డి పరక మొలవడానికి కూడా సందు లేకుండా సిమెంటు పోశారు. ఏడుకొండలు కంట్రాక్టరు వెంటపడి రెండు చివర్లా ఇనప పైపులు పాతించుకున్నాడు, పడుగు కట్టుకోవడానికి. ప్రపంచంలో పడుగు కోసం పైపులు పాతిన రోడ్డు ఇదొక్కటేనని ఆయన నమ్మకం. ఆ పైపు మీద చెయ్యేసి దిగిన ఫొటోను ఫోన్‌లో ముఖచిత్రంగా పెట్టుకున్నాడు.

దీపావళి తర్వాత వేసిన రోడ్డు కాబట్టి చలికాలమంతా బ్రహ్మాండంగా గడిచింది. ఉగాది పచ్చడి తిన్నాక మొదలైంది అసలు సంగతి.

మామూలు వేళకే పడుగు కట్టారు. వెంకటరావమ్మ గంజి చల్లింది. ఏడుకొండలు కుంచె తీసుకున్నాడు. సగం దూరం వెళ్ళేసరికి వెనక గంజి ఆరిపోయింది. వెనక్కొచ్చి రుద్దేసరికి ముందున్నది ఆరిపోయింది. పోగులు అతుక్కున్నాయి. విడదీస్తే తెగాయి. ఎండాకాలం కదా, ఇంకాస్త ముందు మొదలెడదామన్నారు. మొదలెట్టారు. సూర్యుడు ఇంకా మొహం కడుక్కోకముందే కాళ్ళ కింద నేల నులివెచ్చగా ఉంది. పొద్దు పొడిచీ పొడవగానే నీడన్నది లేని వీధిలో ఎండ సూటిగా వచ్చి పడుగు మీద కూర్చుంది. ట్యాంకరు తెప్పించి రోడ్డు తడిపించాడు. నీళ్ళు సిమెంటు మీద జారి మురుక్కాలవలోకి పోయాయి. మిగిలిన తడి ఉక్క పుట్టించి ఇట్టే ఎగిరిపోయింది.

అప్పటికే వీధిలో అందరి పడుగులూ పాడవుతున్నాయన్న సంగతి ఏడుకొండలుకు తెలుసు. రోడ్డు వచ్చాకే ఇదంతా అన్న సంగతి కూడా లోపల ఎక్కడో తెలుసు. కానీ ఆ మాట అంటే పైపు మీద చెయ్యేసిన ఫొటో ఏమైపోవాలి? అందుకని ఓ పొద్దున గంజి కుండలో చెయ్యి ముంచి, వేళ్ళ మధ్య నలిపి, వీధంతా వినేలా అరిచాడు.

"ఏమే, ఇది గంజా? కుడితి నీళ్ళా? వయసు మీద పడి నీ చేతికి పాకం తప్పింది. నువ్వు చూసి సరేనన్న గంజితోనే ఊళ్ళో అందరి పడుగులూ నాశనమైపోయాయి!"

కుంచె పట్టుకున్నవాళ్ళు, పోగులు విడదీస్తున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. కొత్త కోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెంకటరావమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని, కుండ ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి గిన్నె పట్టుకుని ఆ గుమ్మంలోకి ఎవరూ రాలేదు.

"నా గంజి పాడైందన్నావుగా. మంచి గంజి ఎక్కడ దొరుకుద్దో తెచ్చుకో. ఇక నేను కుండ ముట్టను" అంది భర్తతో. "గంజి లేనప్పుడు మగ్గమెందుకు? పీకి అటక మీద పెట్టుకో" అని కూడా చెప్పి, సంచి సర్దుకుని విజయవాడలో కూతురి దగ్గరకు బస్సెక్కింది.

ఏడుకొండలు మొదట లెక్కచేయలేదు. గంజి కాయడం ఒక పెద్ద విద్యా అనుకున్నాడు. కాచాడు. ఉండలు కట్టింది. మళ్ళీ కాచాడు. అడుగంటింది. బజార్లో గంజి పొడి కొనుక్కొచ్చి కలిపితే అది పడుగుకు తప్ప అన్నిటికీ పట్టింది, లుంగీకి, మీసానికి సహా. మగ్గం ఖాళీ అయిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంట్లో మగ్గం చప్పుడు ఆగడం ఆయన ఎరగడు. తిండి తినబోతే చెవుల్లో ఏదో వెలితి. చివరికి సిగ్గు చంపుకుని తనూ విజయవాడ బస్సెక్కాడు.

కూతురు ప్రత్యూష ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరు. వన్‌టౌన్‌లో కొండ అంచున ఓ మేడ మీద పై అంతస్తులో అద్దెకుంటోంది. ఒక వైపు బండరాళ్ళ కొండ, మూడు వైపులా మేడలు. ఏడుకొండలు వెళ్ళేసరికి పొద్దుగూకింది. ఇంట్లో ఫ్యాను తిరుగుతోంది కానీ అది గాలి కాదు, పొయ్యి ఊదిన గాలి. ఊపిరాడక డాబా మీదికి వెళ్ళి చెప్పులు విడిచి చాప పరవబోయాడు.

"అమ్మో!" అని ఎగిరి మళ్ళీ చెప్పుల్లో పడ్డాడు. "సూర్యుడు పోయాడుగా. ఇంకా ఈ సెగేంటే?"

"సూర్యుడు పోయాడు నాన్నా. ఆయన్ని పొద్దుట్నుంచీ మింగిన డాబా ఇక్కడే ఉందిగా" అంది ప్రత్యూష బకెట్టుతో నీళ్ళు గుమ్మరిస్తూ. నీళ్ళు పడ్డచోట నుంచి వేడి ఆవిరి గుప్పున మొహానికి కొట్టింది.

"ఎండ గాల్ని వేడెక్కిచ్చుద్ది, గాలి మనల్ని వేడెక్కిచ్చుద్ది. అంతేగా?"

"అందరూ అట్టాగే అనుకుంటారు. ఎండ చాలావరకు గాలిని పట్టించుకోకుండా దూసుకొచ్చేస్తుంది. నేల దాన్ని మింగి కాగుతుంది. కాగిన నేల తన మీదున్న గాలిని వేడెక్కిస్తుంది. ఆ గాలి తేలికై పైకి లేస్తే దాని చోట్లోకి ఇంకో గాలొచ్చి అదీ కాగుతుంది. పెనం మీద చెయ్యి పెట్టకపోయినా సెగ తగలదూ? మనం ఆ పెనం మీదే నిలబడి పైకి చూసి సూర్యుణ్ణి తిడుతుంటాం. మిట్టమధ్యాహ్నం కన్నా మూడింటికి ఎక్కువ ఉడికిపోయేది కూడా అందుకే. నేల అప్పటికి బాగా కాగి ఉంటుంది."

"మట్టయినా కాగుద్దిగా మరి?" అన్నాడు ఏడుకొండలు. ఆ ప్రశ్న డాబా గురించి కాదని తండ్రికీ కూతురికీ ఇద్దరికీ తెలుసు.

"కాగుద్ది. కానీ తడి మట్టి ఆ వేడిలో కొంత తనలోని నీళ్ళని ఆవిరి చెయ్యడానికి ఖర్చుపెట్టేస్తుంది. చెట్టూ అంతే. నీడిస్తుంది, ఆకుల్లోంచి నీటిని వదిలి చల్లబరుస్తుంది. సిమెంటు దగ్గర ఆ నీళ్ళెక్కడివి? పగలంతా మింగింది దాచుకుని రాత్రంతా కక్కుతుంది. పైన తేమా మబ్బూ ఉన్నాయనుకో, పైకి పోయే ఆ వేడిని కొంత పట్టి మళ్ళీ మన నెత్తినే పడేస్తాయి. మన కృష్ణ పక్కన తేమకేం కరువు? అందుకే తెల్లారుజామున కూడా ఈ ఉక్క."

ఏడుకొండలు గొంతు తగ్గించి అడిగాడు. "పైపులు పాతిన రోడ్డయినా అంతేనా?"

ప్రత్యూషకు నవ్వొచ్చింది కానీ తండ్రి మొహం చూసి ఆపుకుంది. మెట్ల మీద కూర్చుని ఇదంతా వింటున్న వెంకటరావమ్మ మాత్రం ఏమీ ఆపుకోలేదు.

"ఇప్పుడు తెలిసిందా గంజి ఎవరు పాడుచేశారో?"

"సరేలేవే. నీ గంజి బాగానే ఉంది. ఇంటికి పద" అన్నాడాయన, పెద్ద వరమిచ్చినట్టు.

"వీధి మధ్యలో నిలబడి అన్నావు. ఇక్కడ డాబా మీద వెనక్కి తీసుకుంటే ఎవరికి వినపడుద్ది? కాకులకా? గిన్నె పట్టుకుని నా గుమ్మంలోకొచ్చే పిల్లలు రావడం మానేశారయ్యా. నా బతుక్కి ఉన్న మర్యాద అదొక్కటే. అది తీసుకెళ్ళి రోడ్డు మీద పారబోశావు" అంది.

మర్నాడు ఆవిడ ఇంటికైతే వచ్చింది. భర్త మీద జాలితో కాదు, ఆ మేడ మీద ఉడకలేక. అన్నం వండింది, కూర వండింది. గంజి కుండను మాత్రం బోర్లించే ఉంచింది.

ఆ వారంలోనే కాలువ వీధి నుంచి శౌరయ్య వచ్చాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, ఆ వీధికి పెద్ద. కాలువ గట్టునానుకుని, చెట్ల మధ్య ఉన్న మట్టి వీధి వాళ్ళది. "ఏడుకొండలు గారూ, మా వీధికి కూడా సిమెంటు రోడ్డు సాధించాలండి. మీరే దగ్గరుండి నడిపించాలి. మీ రోడ్డు మీదే మీటింగు పెడదాం. అది చూపించి నాలుగు మాటలు చెప్పండి, మావాళ్ళు ఉషారెక్కుతారు" అన్నాడు. మన ఏడుకొండలు ఏమనాలి? విజయవాడ డాబా మీద కాళ్ళు కాల్చుకొచ్చినవాడు ఏమనాలి? "దానిదేముంది శౌరయ్యగారూ, తప్పకుండా" అన్నాడు. మెళ్ళో పడే పూలదండ అంటే ఆయనకు చిన్నప్పటి నుంచీ బలహీనత.

ఆదివారం సాయంత్రం కాకముందే, ఎండ ఇంకా పేలిపోతుండగానే, వీధిలో షామియానా వేశారు. మైకు పెట్టారు. కాలువ వీధి వాళ్ళు ఓ వైపు, పడుగుల వీధి వాళ్ళు ఓ వైపు కూర్చుని విసురుకుంటున్నారు. శౌరయ్య బంతిపూల దండ వేశాడు. చప్పట్లు మోగాయి. ఏడుకొండలు మైకు అందుకుని గొంతు సవరించుకున్నాడు.

"ఈ రోడ్డు... ఈ రోడ్డు ఊరికే రాలేదు. దీనికోసం నేను పచ్చి మంచినీళ్ళు కూడా..."

అక్కడ ఆగాడు. అరుగు మీద స్తంభానికి ఆనుకుని వెంకటరావమ్మ నిలబడి ఉంది. కోపంగా కూడా లేదు. ఈ మనిషి నుంచి ఇంతకన్నా ఏం వస్తుందిలే అన్నట్టు చూసి, తలుపు వైపు తిరిగింది. ఆ తలుపు ఇప్పుడు మూసుకుంటే మగ్గం ఇక మోగదని, తన ఇంట్లో తనకు మిగిలేది ఆ పైపు ఒక్కటేనని ఏడుకొండలుకు ఖాయంగా తెలిసిపోయింది.

"రావమ్మా, ఆగవే!" అని మైకులోనే అరిచాడు. ఊరంతా విన్నది. చెప్పులు విడిచి, షామియానా నీడ దాటి, ఎండలో రోడ్డు మీదికి వెళ్ళి నిలబడ్డాడు.

"శౌరయ్యగారూ, చెప్పులిప్పి ఇట్టా రండి."

మర్యాద కోసం శౌరయ్య వచ్చాడు. రెండడుగులు వేసి, "ఓరి దేవుడా" అని గంతేసి నీడలోకి పడ్డాడు. జనం గొల్లుమన్నారు. ఏడుకొండలు మాత్రం కదల్లేదు.

"ఇదయ్యా నా రోడ్డు. పొద్దంతా ఎండ మింగి తెల్లార్లూ సెగ కక్కుద్ది. చెట్లు కొట్టించి, మట్టికి ఊపిరాడకుండా మూతేయించి, ఆరిపోయిందెందుకని గంజిని తిట్టా. మా ఆవిడ గంజికి వంక లేదు. ఆ చెయ్యి ఇప్పటికీ తప్పలేదు. తప్పింది నా బుద్ధి. అందరి పడుగులూ తెగింది ఈ రోడ్డు వల్ల, రోడ్డు తెచ్చింది నేను. నా రావమ్మని వీధిలో నిలబెట్టి అవమానించా. నన్ను క్షమించమని ఈ వీధిలోనే అడుగుతున్నా."

చప్పట్లు కొడతారనుకుంటున్నారా? భలేవారే. ఎదురింటి వేణుగోపాల్ లేచాడు. "అట్టాగా బాబాయ్? మరి నువ్వు దీక్ష చేస్తుంటే మమ్మల్ని కూడా పస్తులుంచావే, దానికేమంటావ్?" అని కడిగిపారేశాడు. శౌరయ్య మొహం కందగడ్డలా అయింది.

"వానొస్తే మా వీధిలో మోకాటి లోతు బురదండి. మంచాన పడ్డ మనిషిని మోసుకుని రోడ్డెక్కాలి. మీరు మాత్రం సిమెంటు మీద తిరగండి, మేం బురదలో చావాలా?"

"రోడ్డు వద్దన్లేదయ్యా. చెట్లు ఉంచుకోండి, రెండు పక్కలా మట్టి వదిలేయించండి..."

"మీకొచ్చాక మాకు రాకూడదనేగా. తెలుస్తానే ఉంది" అంటూ శౌరయ్య తనవాళ్ళను లేవదీశాడు. వెళ్ళేవాడు వెళ్ళకుండా ఏడుకొండలు మెళ్ళో దండ కూడా తీసుకుపోయాడు. కుర్చీలు మడిచారు. మైకువాడు వైరు చుట్టుకున్నాడు. ఏడుకొండలు ఇంకా ఎండలోనే నిలబడి ఉన్నాడు, మొండితనం వల్ల కాదు, కాలు తీసి వేయడం చేతకాక.

వెంకటరావమ్మే వెళ్ళి రెక్క పట్టుకుని నడిపించుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టింది. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. ఆవిడ కుండలో చల్లటి నీళ్ళు తెచ్చి మెల్లగా పోస్తూ కూర్చుంది. పక్కింటి కోడలు శ్రీదుర్గ గోడ పక్క నుంచి తొంగిచూసి, "అత్తయ్యా, రేపు మా గంజి ఓసారి చూస్తారా?" అని అడిగి, జవాబు వినకుండానే సిగ్గుపడి లోపలికి పోయింది. వెంకటరావమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భర్త చూడకుండా భుజానికేసి తుడుచుకుంది.

"మన పడుగు ఎక్కడ కడతామే ఇక?" అన్నాడు ఏడుకొండలు.

"కాలువ గట్టు మీద. మట్టి ఉంది, నీడుంది. గంజికి బియ్యం నానబోస్తా."

"గట్టు శౌరయ్యోళ్ళ వీధిలోదే కదే. ఇప్పుడు నన్ను రానిస్తారా?"

"పొద్దున్నే వెళ్ళి బతిమాలుకో" అంది వెంకటరావమ్మ. "వాళ్ళ రోడ్డు పడేలోగా వెళ్ళు."